రోటరీ టేబుల్ కొన్న ఏడాది

ఆ డ్రాయింగ్ నా ఫోనుకు వచ్చినప్పుడు నేను బళ్లారి బ్రూస్‌పేటలో మా సందు మొదట్లో సొరకాయ బేరమాడుతున్నాను. పంపింది కూరెకుప్పలో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసే ఇంజినీరు. ఫ్యాక్టరీల్లో మోటార్లు, కన్వేయర్లు మరమ్మతు చేయడం వాళ్ల పని. తెరిచి చూస్తే ఒక గుండ్రటి ఉక్కు ప్లేటు. అడ్డం పద్దెనిమిది అంగుళాలు. అంచు వెంబడి ఎదురెదురుగా రెండు వంపు గాడులు. మోటారును కొంచెం అటూ ఇటూ తిప్పి బిగించుకోవడానికి బోల్టులు ఆ గాడుల్లో జరుగుతాయి. కింద ఇంగ్లీషు అక్షరాల్లో కన్నడంలో రాశాడు: మొదట ఆరు చేసివ్వండి, బాగుంటే నెలనెలా ఆరు.

సొరకాయ సంచిలో వేసుకుని, చేస్తామని జవాబు పెట్టేశాను. ఎలా చేస్తామన్నది ఆటో ఎక్కిన తరువాత గానీ ఆలోచించలేదు.

ఊరి బయట సిమెంటు రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని నేను మిషను పని మొదలుపెట్టి అప్పటికి నాలుగేళ్లు. ఒక లేతు, ఒక మిల్లింగ్ మిషను, ఒక డ్రిల్లింగ్ మిషను. మాది కురుగోడు అవతల ఆంధ్ర రైతుల క్యాంపు ఒకటి. మా తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొనుక్కున్నాడు. మా నాన్న, అన్న ఇప్పటికీ వరి పండిస్తారు. నేను మెకానికల్ డిప్లొమా చదివి, తోరణగల్లు వైపు ఒక ఆఫీసులో పన్నెండేళ్లు డ్రాయింగులు గీశాను. గీసిన వస్తువులన్నీ ఎక్కడో ఎవరో తయారు చేసుకుని వస్తుంటే, ఆ చేసేదేదో మనమే చేయకూడదా అనిపించింది. మా ఇంట్లో వాళ్లు ఆరు నెలల్లో తిరిగి ఆఫీసుకు పోతానని అనుకున్నారు.

మిల్లింగ్ మిషను మీద పనిచేసే మిస్త్రీ నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం వాళ్లది. బళ్లారిలో ఆయన పనిచేయని వర్క్‌షాపు లేదు. నేను ఆయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను అమ్మా అంటాడు. నా క్యాంపు తెలుగు విని మొదట్లో నవ్వేవాడు. "వస్తున్నానండి అనేలోపల మేం వచ్చి పోతాం గదమ్మా" అనేవాడు.

ఫోనులో డ్రాయింగ్ చూపించాను. దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"ఇదేం పెద్ద పనా అమ్మా. గీత గీసుకోని, గీత ఎమ్మిడి బెజ్జాలు ఏసుకుంటా పోయేది. మధ్యన మిగిలింది కొట్టేసి ఆకురాయి పట్టేది. యాడికి పోతాది?"

మిల్లింగ్ మిషను బల్ల ఎడమకూ కుడికీ, ముందుకూ వెనక్కీ నడుస్తుంది. దాని మీద ఉక్కును తిన్నగా కోయడం తేలిక. వంపుగా కోయాలంటే కట్టరు కింద ఆ ప్లేటే గుండ్రంగా తిరగాలి. అందుకోసం మిషను బల్ల మీద బిగించే ఇంకో గుండ్రటి బల్ల ఉంటుంది. దాన్ని రోటరీ టేబుల్ అంటారు. పక్కనున్న హ్యాండిల్‌ను ఒక చుట్టు తిప్పితే పైన బల్ల నాలుగు డిగ్రీలు మాత్రమే తిరుగుతుంది. అంత నెమ్మదిగా, అంత లెక్కగా తిరుగుతుంది కాబట్టే వంపు సరిగ్గా వస్తుంది. మాకు అది లేదు. మాకు ఉన్నది మిస్త్రీ ఆకురాయి.

ఆ ఆకురాయి పని నేను ఎన్నిసార్లు చూసినా కాసేపు నిలబడిపోయేదాన్ని. కళ్లు సగం మూసి, ఒకే లయలో తోస్తాడు. పదిసార్లు తోసి, వేలితో తడిమి, మళ్లీ తోస్తాడు. గేజీ పెట్టి చూస్తే వెంట్రుక పట్టేంత సందు కూడా ఉండదు. మొదటి ఆరు ప్లేట్లకు పదమూడు రోజులు పట్టింది. నాలుగో ప్లేటు దగ్గర ఆయన ఆకురాయి పిడిని ఎడం చేత్తో పట్టుకుని తోయడం చూశాను.

"ఏమన్నా, చెయ్యి మార్చావు?"

"దేవుడు రెండు చేతులు ఇచ్చింది దేనికమ్మా మత్తె?" అని నవ్వాడు. నేను కూడా నవ్వి నా లెక్కల్లో పడిపోయాను.

ప్లేట్లు తీసుకుని ఇంజినీరు ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూశాడు. "కెలస చెన్నాగిదె మేడమ్. ఆదరె నెక్స్ట్ టైమ్ మిషన్ ఫినిష్ బేకు" అన్నాడు. పని బాగుంది, కానీ చేత్తో అరగదీసిన గీతలు కనబడకూడదు, ఈసారి నుంచి మిషను మీదే కోయాలి అని. పక్కనే ఉన్న మిస్త్రీ అంతా విని, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నీళ్లకుండ దగ్గరికి వెళ్లిపోయాడు.

రోటరీ టేబుల్ కొనాలని ఆ పూటే అనుకున్నాను. ఎంతది కొనాలన్న దగ్గర మా ఇద్దరికీ కుదరలేదు.

"పన్నెండు అంగుళాలది తీసుకుందాం అమ్మా" అన్నాడు ఆయన. "ఎన్ని షాపుల్లో చేసినా. పన్నెండుదైతే నేనొక్కణ్ణే ఎత్తి మిషను మీద పెడతా, నేనొక్కణ్ణే దించుతా. పెద్దది తెచ్చినావంటే దాన్ని కదిలించేదానికే సగం పొద్దు పోతాది."

"పద్దెనిమిది అంగుళాల ప్లేటు కదన్నా. పన్నెండు అంగుళాల బల్ల మీద పెడితే గాడి పడే చోటు గాలిలో ఉంటుంది. కింద ఆసరా లేకపోతే ప్లేటు అదిరిపోదా?"

ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు. తెలిసీ వాదిస్తున్నాడేమిటా అనుకున్నాను. పాతకాలం మనిషి, అలవాటైన కొలత వదులుకోలేడు అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను.

నా ఆశ మాత్రం ఇరవై నాలుగు అంగుళాల మీద ఉంది. ఎలాగూ కొంటున్నాం, రేపు ఇంకా పెద్ద పని వస్తే అని. కొనేముందు ఒక పని చేశాను. ప్లైవుడ్ ముక్కను ఇరవై నాలుగు అంగుళాల చక్రంగా కోసి, మిషను బల్ల మీద రెండు ఇటుకలు ఒకదానిపై ఒకటి పెట్టి, పైన ఆ చక్రం పెట్టాను. రోటరీ టేబుల్ ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. మిస్త్రీ తల ఊపుతూ వచ్చి, హ్యాండిల్ పట్టుకుని బల్లను లోపలికి నడిపించాడు. గాడి కోయాల్సిన చోటుకు ఇంకా అంగుళం ఉండగానే చక్రం వెనక మిషను స్తంభానికి తగిలింది.

"సూడు, నీ పెద్ద బల్ల ముక్కు గుద్దుకుండె" అన్నాడు.

పైగా అంత పెద్దదాని పాదాలు మా మిషను బల్ల గాడులకు అందవు. బరువు కూడా మిషను మోయగలదా అని అనుమానం. ప్లైవుడ్‌ను ఇరవైకి కోశాను. ఈసారి స్తంభానికి అంగుళం సందు మిగిలింది. పైన కట్టరు బిగించి చూశాం. ప్లేటు మందం పోను మూడు అంగుళాలు ఖాళీ ఉంది. అది చాలు. ఇరవై అంగుళాలు అని నేను అన్నాను. ఆయన ఇటుకలు తీసి బయట పెట్టి వచ్చాడు.

కొత్తది కొనే స్తోమత లేదు. పాత మిషన్లు అమ్మే వ్యాపారి ఒకాయన పాత ఊళ్లోనే ఉన్నాడు. ఫోటోలు పంపాడు. నేనూ మిస్త్రీ వెళ్లాం. గోడౌను నిండా విప్పిన గేర్లు, మోటార్లు, పాత గ్రీజు వాసన. ఒక మూల గోనెపట్టా తీసి చూపించాడు.

"దేఖో మేడమ్, ఇదే పీస్. ఏక్‌దమ్ కడక్ ఉంది. మిస్త్రీ, నువ్వే సూడు, నేను చెప్పేది ఎందుకు?"

మిస్త్రీ ముందు పైభాగం అరచేత్తో నిమిరాడు. డ్రిల్లు దిగబడిన గుంటలు రెండు ఉన్నాయి. వాటిని పట్టించుకోలేదు. మధ్య బెజ్జంలో వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. తరువాత సంచిలోంచి వెంట్రుకవాసి తేడా కూడా చూపించే డయల్ గేజీ తీసి బిగించి, హ్యాండిల్ రెండు వేళ్లతో పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. తొంభై చుట్లు తిప్పితే బల్ల ఒకసారి పూర్తిగా తిరుగుతుంది. తొంభై చుట్లూ తిప్పాడు. వ్యాపారి రెండుసార్లు టీ తెప్పించాడు. మధ్యమధ్య ఆగి, హ్యాండిల్‌ను వెనక్కి ఆడించి, ఎంత తిప్పితే బల్ల కదులుతోందో చూసి, బల్ల అంచున సుద్దతో గీత పెట్టాడు. చివరికి రెండు గీతలు మిగిలాయి, సున్నా దగ్గర ఒకటి, తొంభై డిగ్రీల దగ్గర ఒకటి.

"ఈ గీత కాడ నుంచి ఆ గీత దాకా లోపల గేరు అరిగిపోయిండాది అమ్మా. ఎవరో ఏండ్ల తరబడి ఒకే పని ఈ పావు భాగంలోనే చేసినారు. దీనికి సరిపోయేట్లు బిగిస్తే మిగిలిన ముప్పావు తిరగదు. ఒదులు చేస్తే ఈడ ఊగుతాది. ఇది వద్దు."

వ్యాపారి మొహం చిన్నబోయింది. "నాకు తెలీదు మేడమ్, ఖసమ్" అని ఒట్టు పెట్టుకున్నాడు. నిజంగానే తెలియదేమో.

నేను ఆ సుద్దగీతలనే చూస్తూ నిలబడ్డాను. మా గాడి ఒక్కొక్కటీ అరవై డిగ్రీలు. రెండూ ఎదురెదురు. మొదటిది నూరు దగ్గర మొదలుపెడితే నూట అరవై దగ్గర ముగుస్తుంది. రెండోది రెండు వందల ఎనభై నుంచి మూడు వందల నలభై. రెండూ బాగున్న ముప్పావులోనే పడతాయి. అరిగిన పావుతో మాకు పనే లేదు. పాత బిల్లు వెనక బొమ్మ గీసి ఆయనకు చూపించాను.

ఆయన బొమ్మను చాలాసేపు చూశాడు. "అవును, పడతాది" అన్నాడు. "రేపు చుట్టూ గేరు పండ్లు కోసే పని వస్తే?"

"వచ్చినప్పుడు చూద్దాం అన్నా."

ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. గేజీని విప్పి, పెట్టెలో పెట్టి, గుడ్డ చుట్టి సంచిలో వేసుకున్నాడు. అరుగుదల ఉందని వ్యాపారి ధర తగ్గించాడు. నేను చాలా సంతోషంగా ఉన్నాను. డ్రాయింగు ఆఫీసులో నేర్చిన లెక్క ఒక మిస్త్రీ మాటను గెలిచిందని లోలోపల గర్వం కూడా. ఆయన వద్దన్నది అరుగుదల గురించి మాత్రమే కాదని నాకు తట్టలేదు.

లగేజీ ఆటోలో టేబుల్ వచ్చింది. ఇద్దరు మనుషుల బరువు కన్నా ఎక్కువే. షెడ్డులో అడ్డంగా ఉన్న ఉక్కు దూలానికి చైన్ పుల్లీ ఉంది. గొలుసు లాగుతుంటే కొక్కెం కొద్దికొద్దిగా పైకి లేస్తుంది, ఎంత బరువైనా ఒక మనిషి ఎత్తవచ్చు. టేబుల్‌కు మూడు కొక్కేల బోల్టులు బిగించి, దాన్ని గాలిలోకి లేపి, మిషను మీదికి తెచ్చాం. దించేముందు మిస్త్రీ మిషను బల్లను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మళ్లీ వట్టి చేత్తో తుడిచాడు. ఒక్క ఉక్కు పొట్టు కింద పడితే చాలు, టేబుల్ వాలిపోతుంది. తరువాత దాని మధ్య బెజ్జాన్ని కట్టరు మధ్యకు తేవడానికి రెండు గంటలు పట్టింది. అరిగిన పావు భాగానికి రెండు వైపులా ఎర్ర రంగు గీత వేశాడు.

ఆ టేబుల్ ఎప్పుడూ మిషను మీదే ఉండదు. వేరే పనులకు దాన్ని దించాలి. అందుకని మిషను బల్ల ఎత్తుకు సరిగ్గా సమంగా నాలుగు చక్రాల ట్రాలీ ఒకటి చేయించాం. దించినప్పుడు టేబుల్ దాని మీద ఉంటుంది. గోడ మీద సుద్దతో తెలుగులోనూ కన్నడంలోనూ రాశాను: చైన్ పుల్లీ లేకుండా, ఇద్దరు లేకుండా, దీన్ని కదపకూడదు. మిస్త్రీ అది చదివి, "ఇదెవరికమ్మా, నాకా?" అన్నాడు. "నాకూ నీకూ అన్నా" అన్నాను.

ఆ నియమాన్ని మొదట చెడగొట్టింది నేనే. ఒక శనివారం సాయంత్రం పక్క షెడ్డువాళ్లు వచ్చి, గేరుబాక్సు దించాలి, చైన్ పుల్లీ ఇవ్వండి, సోమవారం పొద్దున్నే తెచ్చేస్తాం అన్నారు. విప్పి ఇచ్చేశాను. సోమవారం తొమ్మిదికి ఇంజినీరు వస్తాడని, ఆయన ముందు మొదటి గాడి కోసి చూపించాలని, అప్పుడు టేబుల్ ట్రాలీ మీద ఉందని, మూడూ నాకు తెలుసు. తెచ్చేస్తారు కదా అనుకున్నాను.

సోమవారం ఏడున్నరకు స్కూటీ ఆపేసరికి షట్టరు సగం లేచి ఉంది. మిస్త్రీ ఎప్పుడూ నాకన్నా ముందే వస్తాడు. వంగి లోపలికి వెళ్లి, అన్నా అని పిలిచాను. జవాబు రాలేదు. మిషను వెనక ఆయన వీపు కనిపించింది. కదలడం లేదు.

దగ్గరికి వెళ్లాక అర్థమైంది. పుల్లీ లేకపోయినా, ట్రాలీ మిషను బల్ల ఎత్తే కదా, దాన్ని బల్ల చివరకు ఆనించి టేబుల్‌ను జరిపితే చాలనుకున్నాడు. సగం దాకా జరిగింది. అప్పుడు ట్రాలీ వెనక్కి దొర్లింది. ఆ చక్రాలకు ఆపు పెట్టించాలని మాకెవరికీ తోచలేదు. ఇప్పుడు టేబుల్ ఒక అంచు మిషను బల్ల మీద, ఇంకో అంచు ట్రాలీ పెదవి మీద ఉంది. మధ్య సందులో ఆయన కాలు. ట్రాలీ ఇంకొక్క రెండు అంగుళాలు జరిగితే టేబుల్ ఆ కాలి మీద పడుతుంది. అది జరగకుండా కుడి చేత్తో ట్రాలీ పిడిని తన వైపు లాగి పట్టుకుని, మోకాలితో దాని అడుగు పట్టీని నొక్కి ఉంచాడు. చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది. ముఖం బూడిద రంగులో ఉంది.

"చక్రం" అన్నాడు. అంతే.

మూలన చెక్కముక్కలు ఉంటాయి. రెండు తెచ్చి వెనక చక్రాల కింద తోసి, చెప్పుతో తన్ని బిగించాను. ట్రాలీ ఇక వెనక్కి పోదు. కానీ ఆయన చెయ్యి వదలలేదు. వదలలేకపోతున్నాడు. నాకు ఒకటే తోచింది. ట్రాలీని ముందుకు తోస్తే ఏమవుతుందో తెలియదు. మిషను బల్లనే ట్రాలీ వైపు నడిపిస్తే సందు మూసుకుపోతుంది. మిషను అవతలి పక్కకు పరిగెత్తి హ్యాండిల్ పట్టుకున్నాను. నాలుగేళ్లుగా రోజూ చూసే హ్యాండిల్. ఏ వైపు తిప్పాలో గుర్తు రాలేదు.

"ఎడమకమ్మా" అన్నాడు పళ్ల సందులోంచి. "ఎడమకు. మెల్లగ."

తిప్పాను. బల్ల ఒక్కో మిల్లీమీటరూ జరుగుతోంది. టేబుల్ కింద ఇనుము ఇనుముకు రాసుకుని కీచుమంటోంది. సందు జానెడున్నర అయింది, జానెడు అయింది. "కాలు తియ్యన్నా" అన్నాను. ఆయన కాలు లాగేసుకున్నాడు. బల్ల ట్రాలీకి తగిలి టక్కుమంది. టేబుల్ రెండింటి మీదా నిలకడగా కూర్చుంది.

ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది, ఆయనది కానట్టు. నీళ్లు తెచ్చిస్తే ఎడం చేత్తో తాగాడు.

"ఎంతసేపయింది?"

"ఎంతసేపో. రేకుల మీద ఎండ పడలేదు అప్పటికి."

"ఎవరినైనా పిలవకూడదా అన్నా! పక్క షెడ్డులో వాచ్‌మన్ ఉంటాడు కదా!"

"పిలవాలంటే ఊపిరి ఒదలాల గదమ్మా. ఊపిరి ఒదిలితే పట్టు పోతాది." గ్లాసు కింద పెట్టాడు. "ఎవరికీ చెప్పొద్దమ్మా."

నాకు కోపం వచ్చింది. గోడ మీద రాసింది చూపించి గట్టిగా అరిచాను కూడా. అరుస్తుండగా పక్క షెడ్డు మనిషి చైన్ పుల్లీ భుజాన వేసుకుని, "తగొళ్రి మేడమ్" అంటూ దాన్ని ఇవ్వడానికి వచ్చాడు. పుల్లీ తీసుకుని కింద పెట్టాను. ఇంజినీరుకు ఫోన్ చేసి ఇంకో రోజు రమ్మని చెప్పాను. మిస్త్రీని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను.

స్కానింగు చూసిన డాక్టరు, భుజంలో నరంలాంటి పట్టీ ఒకటి చినిగిందన్నాడు. "ఈ రోజుది కొంచెమే. ఎక్కువ భాగం పాత చినుగు. దీనితో ఇన్నాళ్లు ఎలా పనిచేశాడు?" అని నన్ను అడిగాడు. ఆపరేషను లేకుండానే నయం కావచ్చు, కానీ మూడు నెలలు ఆ చేత్తో బరువు పట్టకూడదు.

రెండో రోజు ఆయన భార్య షెడ్డుకు వచ్చింది. మిరపకాయల కోతకు పోయి అటునుంచే వచ్చినట్టుంది, చేతులు మండుతున్నాయని నీళ్లలో పెట్టుకుంది. ఏమైందమ్మా అసలు అని అడిగింది. చెప్పొద్దన్నాడని ఒక్క క్షణం ఆగాను. తరువాత అంతా చెప్పాను, పుల్లీ నేను ఇచ్చేసిన సంగతితో సహా.

ఆమె ఆశ్చర్యపోలేదు. "నాకు అనుమానమే. ఇంట్లో నీళ్ల బిందె ఎత్తేది మానేసి ఆరు నెలలాయె. జుట్టు దువ్వుకునేది గూడా ఎడం చేత్తోనే. అడిగితే, షాపులో ఇప్పుడు ఎత్తే పని లేదులే, అంతా మిషన్లే అంటాండె. నీకేం చెప్తాండెనమ్మా?"

"నాకేమీ చెప్పలేదు" అన్నాను.

"చెప్తే తీసేస్తావని భయం. ఆకురాయి పట్టలేడు, పెద్ద బల్ల ఎత్తలేడు, ఇంక నాతో ఏం పని అంటావని." చేతులు కొంగుతో తుడుచుకుంది. "ఆ బల్ల వస్తాదని తెలిసినప్పటి నుంచి సరిగా తినలేదు."

ఆకురాయి చెయ్యి మారడం, పన్నెండు అంగుళాలు చాలనడం, గోడౌనులో మాట తగ్గించడం, ఒక్కొక్కటీ అప్పుడు నాకు వరుసగా గుర్తొచ్చాయి. కళ్ల ముందే జరిగాయి అన్నీ. ఆమెను స్కూటీ మీద బస్‌స్టాండు దాకా దింపాను.

ఆ మూడు నెలలూ రోటరీ టేబుల్ మీద నేనే పనిచేశాను. డిప్లొమాలో నేర్చుకున్నది చేతికి రావడానికి రెండు కట్టర్లు విరిగాయి. మిస్త్రీ ఇంట్లోంచి వీడియో కాల్ చేసేవాడు. ఫోను మిషను పక్కన నిలబెట్టేదాన్ని. ఆయన తెర చూసేవాడు కాదు, వినేవాడు.

"ఆ కూత ఏందమ్మా? ఉక్కు ఏడుస్తాంది. స్పీడు తగ్గించు."

"తగ్గించాను."

"ఇంకా స్వల్ప. ఆఁ. ఇప్పుడు హ్యాండిల్ తిప్పు. ఆపకుండా తిప్పాల. నడాన ఆపితే ఆడ మచ్చ పడతాది."

ఒక గాడికి పదిహేను చుట్లు. తొందర లేకుండా, ఆపకుండా, ఒకే వేగంతో. మొదటి ప్లేట్లలో ఆగిన మచ్చలు కనిపిస్తాయి. ఇంజినీరు వేలితో వాటిని తడమడం నేను చూశాను.

మిస్త్రీ తిరిగి వచ్చిన రోజు నేను ఎత్తు స్టూలు ఒకటి మిషను పక్కన వేశాను. దాన్ని చూసి, "నన్ను కూసోబెట్టినావా?" అన్నాడు.

"హ్యాండిల్ తిప్పడానికి నిలబడక్కర్లేదు కదన్నా. బలమూ అక్కర్లేదు. ఎడం చేత్తో తిప్పు."

ఆయన కూర్చోలేదు. ప్లేటు బిగించిందెవరు, సరిగ్గా మధ్యకు ఉందా అని గేజీ పెట్టి చూశాడు. కొంచెం పక్కకు ఉంది. చెక్క సుత్తితో రెండు దెబ్బలు కొట్టి సరిచేశాడు. ఎర్ర గీతలు ఎక్కడున్నాయో చూసుకున్నాడు. కట్టరు దించి, ఎడం చేత్తో తిప్పడం మొదలుపెట్టాడు. మూడో చుట్టు దగ్గర, చూడకుండానే వెనక్కి జరిగి స్టూలు మీద కూర్చున్నాడు. పదిహేను చుట్లూ ఎక్కడా ఆగలేదు. ప్లేటు దించాక గాడి లోపలి గోడ చూశాను. నేను కోసినవాటి పక్కన పెట్టి చూడాలనిపించలేదు.

టీ తాగేటప్పుడు అడిగాను. "భుజం నొప్పి నాకు ముందే చెప్పి ఉంటే ఏం చేసేదాన్ని అనుకున్నావన్నా?"

ఆయన గ్లాసులోకి చూశాడు. "ముందు పనిచేసిన షాపులో ఒక మిస్త్రీకి నడుము పోయింది. పండగ అయినాక రా అన్నారు వాళ్లు. ఏ పండగో చెప్పలేదు." తరువాత, "నువ్వట్ల అంటావని కాదమ్మా. అట్ల అనకపోతే ఎట్లుంటాదో నాకు తెలీదు" అన్నాడు.

నేను ట్రాలీ చక్రాలకు బ్రేకులు పెట్టించానని చూపించాను. వంగి ఒక్కొక్కదాన్నీ కాలితో నొక్కి చూశాడు. ఒకటి సరిగ్గా పట్టడం లేదని చెప్పాడు. ఆ సాయంత్రమే మార్పించాను. పక్క షెడ్డువాళ్లు చైన్ పుల్లీ కోసం ఇంకోసారి వచ్చారు. ఇవ్వలేదు. కొన్నాళ్లు ముఖం ముడుచుకున్నారు, తరువాత వాళ్లే ఒకటి కొనుక్కున్నారు.

ప్లేట్లు ఇప్పటికీ నెలనెలా వెళ్తున్నాయి. చుట్టూ పండ్లు కోసే పని కూడా ఒకటి వచ్చింది, ఆయన అన్నట్టే. అరిగిన గేరుతో అది కుదరదని ఒప్పుకుని, వచ్చినాయన్ని వేరే షాపుకు పంపించాను. ఆ గేరు మార్పించాలని ఇద్దరం అనుకుంటూనే ఉన్నాం.

వారానికి రెండుసార్లు టేబుల్ ఎక్కుతుంది, దిగుతుంది. గొలుసు నేను లాగుతాను. మిస్త్రీ నాలుగడుగుల దూరంలో, చేతులు వెనక కట్టుకుని నిలబడతాడు. ఎవరూ చెప్పకుండానే ఆ దూరం ఆయనే పెట్టుకున్నాడు. నిన్న మిషను మీదికి దించుతుంటే నా వేళ్లు టేబుల్ అంచు దగ్గరికి వెళ్లాయి. షెడ్డంతా వినబడేలా అరిచాడు.

"చెయ్యి తియ్యమ్మా! యాడ పెడతాండావు చెయ్యి? వేళ్లు ఈడ దొరకవు కొనేదానికి!"

తీశాను. ఆయన ఇంకా కాసేపు గొణుగుతూనే ఉన్నాడు. మెల్లగా, మెల్లగా అంటూ నా చేత గొలుసు లాగించాడు. టేబుల్ మిషను మీద కూర్చుంది.